ఈ షిరాజ్ ఏ తోటది?

మనవాళ్ళు రెడ్ వైన్‌ని మెచ్చుకోవాలంటే వాడే మాట ఒకటే: "స్మూత్‌గా ఉంది." నచ్చకపోతే "హార్ష్‌గా ఉంది" అంటారు. నేను ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఉంటాను. షిరాజ్ అనే నల్ల ద్రాక్షకీ, దాంతో చేసే అదే పేరున్న రెడ్ వైన్‌కీ పేరుపడ్డ బరోసా లోయ ఇక్కణ్ణించి కారులో గంట ప్రయాణం. ఇండియా నుంచి ఎవరు వచ్చినా, మెల్‌బోర్న్ నుంచి స్నేహితులు దిగినా, వాళ్ళని అటు తిప్పి తీసుకురావడం, సాయంత్రం ఇంట్లో ఒక సీసా తెరవడం మాకు మామూలే. గ్లాసు దించగానే చాలామంది నోట ముందు వచ్చేది ఆ మాటే.

ఆ మాటతో నాకు పేచీ ఉంది. గొంతులో అడ్డం తగలకుండా దిగిపోవడమే గొప్ప అనుకుంటే, పది డాలర్ల సీసా కూడా గొప్పదే. తీపి కాస్త మిగిల్చి, ఓక్ చెక్క ముక్కలు వేసి నానబెడితే ఆ నునుపు ఏ ఫ్యాక్టరీలోనైనా వస్తుంది. ఆ వైన్ ఏ నేల మీదిదో, ఏ ఏడాదిదో, ఎవరు పండించారో దానికి అక్కర్లేదు. ఒకే తోట పళ్ళతో చేసిన షిరాజ్‌ని కూడా అదే గీటురాయి మీద పెడితే దానికి అన్యాయం చేసినట్టే. పోసిన డబ్బూ వృథా.

ముందే ఒక మాట చెప్పాలి. మందు అలవాటు లేనివాళ్ళని నేను అలవాటు చేసుకోమనడం లేదు. రెడ్ వైన్ గుండెకి మంచిదన్న మాట మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2023 జనవరిలోనే, ఇంతవరకు తాగితే ఫరవాలేదు అని చెప్పగల మోతాదు ఏదీ లేదని తేల్చి చెప్పింది. బరోసా షిరాజ్‌లో ఆల్కహాల్ మామూలుగా 14 నుంచి 15 శాతం ఉంటుంది. కాబట్టి తాగేది కొంచెమే అయినప్పుడు ఆ కొంచెం మీద మనసు పెట్టాలన్నదే నా వాదన.

ఇక అసలు విషయం. లోకంలో అమ్ముడయ్యే వైన్‌లో ఎక్కువ భాగం చాలా తోటల పళ్ళు కలిపి చేసిందే. గుంటూరు యార్డుకి ఎక్కడెక్కడి నుంచో మిర్చి టిక్కీలు వస్తాయి. అవి యార్డులో పక్కపక్కన ఉన్నంతసేపూ ఏ ఊరి సరుకో తెలుస్తుంది. మిల్లులో పడి కారం అయ్యాక ఏ రైతు ఏ చేలో పండించాడో చెప్పేవాడు ఉండడు. ద్రాక్షకీ అంతే. టన్నుకి ఇంత అని కొని, పెద్ద ట్యాంకుల్లో కలిపేస్తే తోట పేరు అక్కడితో పోతుంది. సింగిల్ విన్‌యార్డ్, అంటే ఒకే తోటది, అని లేబుల్ మీద రాసుకున్న సీసాలో మాత్రం ఆ పేరు చివరిదాకా ఉంటుంది. పళ్ళు బాగా పండిన ఏడాది బాగుంటుంది, వానలు పాడుచేసిన ఏడాది ఆ కష్టం గ్లాసులోనే తెలుస్తుంది. పక్క లోయ నుంచి నాలుగు పీపాలు తెచ్చి కలిపి సర్దుకునే వీల్లేదు.

అలాగని కలిపి చేసింది తక్కువని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆస్ట్రేలియాలో అన్నిటికంటే పేరున్న షిరాజ్, పెన్‌ఫోల్డ్స్ కంపెనీ వాళ్ళ గ్రేంజ్, ఒకే తోటది కాదు. అక్కడ వైన్ చేసే మాక్స్ షూబర్ట్ 1950లో యూరప్ వెళ్ళి, ఫ్రాన్స్‌లోని బోర్డోలో ఏళ్ళ తరబడి నిలవుండే వైన్లు చూసి వచ్చాడు. 1951లో ఇక్కడి షిరాజ్‌తో ప్రయోగం మొదలుపెట్టాడు. మొదట్లో తాగినవాళ్ళకి నచ్చలేదు. 1957లో కంపెనీ ఆపేయమంది. అతను ఆపలేదు, ఆ మూడేళ్ళూ గుట్టుగా చేశాడు. 1960 నుంచి కంపెనీయే మళ్ళీ చేయమంది. ఏ ఏటికి ఆ ఏడు రకరకాల తోటల పళ్ళు ఎంచి కలపడమే గ్రేంజ్ పద్ధతి, అదీ గొప్ప విద్యే. ఫ్రాన్స్‌లో ఈ రకానికి పుట్టిల్లు లాంటి ఎర్మిటాజ్ కొండ ఉంది. రోన్ నది ఒడ్డున మొత్తం కలిపినా 130 హెక్టార్ల పైచిలుకే. అంత చిన్న కొండ మీద కూడా షావ్ కుటుంబం బెసార్, మేయల్ లాంటి వేర్వేరు మడుల పళ్ళని విడివిడిగా పులియబెట్టి ఆఖర్న కలుపుతుంది. అదే కొండ మీద షపూటియే వాళ్ళు కొన్ని మడుల్ని వేటికవిగా సీసాల్లో నింపుతారు. బెసార్‌లో గ్రానైట్ రాయి, మేయల్‌లో గులకరాళ్ళు. ఒకరు కొండ మొత్తం ఒక్క గ్లాసులో ఇస్తారు, ఇంకొకరు కొండలో ఒక మూల చూపిస్తారు. నాకు రెండూ కావాలి.

మరి ఒకే తోట పేరు మీద ఇంత పట్టు ఎందుకంటే, అందుకు కారణం బరోసా చరిత్రలోనే ఉంది.

షిరాజ్ ఆస్ట్రేలియాకి 1832లో జేమ్స్ బస్బీ తెచ్చిన కొమ్మలతో వచ్చిందని ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. ఆ పేరు చూసి ఇరాన్‌లోని షిరాజ్ ఊరి నుంచి వచ్చిందనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. 1990ల చివర్లో చేసిన డీఎన్ఏ పరీక్షల్లో దీని తల్లిదండ్రులు ఇద్దరూ ఫ్రాన్స్ ద్రాక్షలేనని తేలింది: ఒకటి మోండూజ్ బ్లాంష్, ఇంకొకటి డ్యురేజా. ఫ్రాన్స్‌లో దీన్నే సిరా అంటారు.

ఆ తర్వాత ఫిలాక్సెరా వచ్చింది. వేళ్ళు పీల్చి తీగని చంపేసే చిన్న పురుగు. 1860ల నుంచి యూరప్ తోటల్ని ఊడ్చేసింది. ఆస్ట్రేలియాలో 1877లో విక్టోరియా రాష్ట్రంలోని జీలాంగ్‌లో బయటపడింది. దక్షిణ ఆస్ట్రేలియా 1899లోనే చట్టం చేసి, బయటి నుంచి తీగలు రాకుండా కట్టడి చేసింది. ఆ పురుగు ఇప్పటికీ ఈ రాష్ట్రంలో అడుగుపెట్టలేదు. అందువల్ల 19వ శతాబ్దంలో నాటిన షిరాజ్ తీగలు, వేరే వేరు మీద అంటు కట్టకుండా, సొంత వేళ్ళ మీద ఇంకా బతికున్నాయి. లాంగ్‌మైల్ అనే వైనరీ దగ్గర 1843లో నాటారని చెప్పే తోట ఉంది. బరోసాలో తోటల కంచెల మీద లోపలికి రావద్దని బోర్డులు కనిపిస్తాయి. ఫోటోలు దిగుదామని వచ్చిన మనవాళ్ళు నొచ్చుకుంటారు గానీ, చెప్పుల మట్టితో ఆ పురుగు రావచ్చు. దయచేసి కంచె దాటకండి.

ఆ ముసలి తీగని కంచె ఇవతల నుంచి చూసినా చాలు. మొదలు నా నడుమంత లావు ఉంటుంది, మెలి తిరిగి, మధ్యలో చీలిపోయి, ఒక పక్క పూర్తిగా ఎండిపోయి కనిపిస్తుంది. ఆ ఎండిన చెక్క మీద నాచు. బతికున్న పక్క నుంచి మాత్రం ప్రతి వసంతంలో చిగురు వస్తుంది. చాలా తోటలకి నీళ్ళ పైపు కూడా ఉండదు, వాన మీదే బతుకు. కాపు తక్కువ, గుత్తులు చిన్నవి, పండు చిన్నది, తోలు మందం. రంగూ వగరూ వాసనా చాలావరకు ఆ తోలులోనే ఉంటాయి.

1980ల మధ్యలో ఈ తీగల్నే పీకేయమని ప్రభుత్వం రైతులకి డబ్బిచ్చింది. అప్పట్లో వైన్ మిగులు ఎక్కువైంది, జనం తెల్ల వైన్ల మీద పడ్డారు, షిరాజ్ అడిగేవాడు లేడు. టన్నుల లెక్కన అమ్ముకునే రైతుకి నూరేళ్ళ తీగ నష్టమే, కొత్త తీగ ఇచ్చే కాపులో సగం కూడా ఇవ్వదు. వంద దాటిన తోటలు కొన్ని అలా ట్రాక్టరు గొలుసులకి వేలాడి పోయాయి. అంతకు కొన్నేళ్ళ ముందే పీటర్ లేమన్ అనే వైన్ తయారీదారు, తాను పనిచేసే కంపెనీ రైతుల దగ్గర పళ్ళు కొనొద్దంటే, వాళ్ళకిచ్చిన మాట కోసం 1979లో వేరే సంస్థ పెట్టి ఆ పళ్ళు కొన్నాడు. రాక్‌ఫర్డ్ వైనరీ పెట్టిన రాబర్ట్ ఓకాలహన్ లాంటివాళ్ళు ముసలి తోటల పళ్ళకి ఎక్కువ ధర ఇచ్చి నిలబెట్టారు. ఆ కొద్దిమంది లేకపోతే ఈ రోజు బరోసా అంటే చెప్పుకోవడానికి పెద్దగా మిగిలేది కాదు. 2009లో బరోసా వాళ్ళు తీగల వయసుకి ఒక పట్టిక పెట్టుకున్నారు: 35 ఏళ్ళు దాటితే పాతవి, 70 దాటితే బతికి బయటపడ్డవి, 100 దాటితే శతాబ్దపువి, 125 దాటితే పూర్వీకులు. వయసుని లేబుల్ మీద రాసుకునే దారి దొరికింది.

నా వాదనకి ఆయువుపట్టు ఇదే. తోట పేరు సీసా మీద ఉంటే ఆ తోటకి సొంత ధర వస్తుంది. ధర వస్తే దాన్ని పీకేయరు. ఒకే తోట షిరాజ్‌కి నలభై డాలర్లు పెట్టేటప్పుడు నేను రుచికి మాత్రమే ఇవ్వడం లేదు. ఆ నేల మీద ఇళ్ళ ప్లాట్లు పడకుండా, ఆ తీగ పొయ్యిలోకి పోకుండా ఉండటానికి కూడా ఇస్తున్నాను. దీన్ని డాబు అనేవాళ్ళు ఉన్నారు. రైతు ఎవరో, చేను ఎక్కడో తెలుసుకుని కొనడం డాబు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

బరోసా లోయని ఆనుకుని ఎత్తున ఉన్న ఈడెన్ వ్యాలీలో హెన్ష్కీ కుటుంబానికి చెందిన హిల్ ఆఫ్ గ్రేస్ తోట ఇందుకు మంచి ఉదాహరణ. సైలీషియా నుంచి మతస్వేచ్ఛ కోసం వచ్చిన జర్మన్ లూథరన్‌లు అక్కడ గ్నాడెన్‌బర్గ్ అనే చిన్న చర్చి కట్టుకున్నారు, తోట దానికి ఎదురుగా ఉంటుంది. అందులో అన్నిటికంటే పాత తీగలు 1860 ప్రాంతంలో నాటినవి. వాటిని అక్కడ తాతలు అని పిలుస్తారు. 1950లలో ఆస్ట్రేలియాలో అమ్ముడయ్యేది ఎక్కువగా బ్రాందీ కలిపిన తియ్యటి వైన్. అలాంటి రోజుల్లో సిరిల్ హెన్ష్కీ 1952లో మౌంట్ ఎడెల్‌స్టోన్ తోట షిరాజ్‌ని, 1958లో హిల్ ఆఫ్ గ్రేస్‌ని విడిగా, తోట పేరుతో బాటిల్ చేశాడు. మౌంట్ ఎడెల్‌స్టోన్ తీగలు 1912లో నాటినవి. తర్వాత తరంలో ప్రూ హెన్ష్కీ ఆ ముసలి తీగల్లో మంచివి ఏళ్ళ తరబడి గమనించి, వాటి కొమ్మలతోనే కొత్త మొక్కలు పెంచింది. 2000లో పంట తమకి నచ్చలేదని హిల్ ఆఫ్ గ్రేస్ విడుదలే చేయలేదు. ఇప్పుడు దాని సీసా వెయ్యి డాలర్ల దరిదాపుల్లో ఉంది. నేను కొనను, కొనమని ఎవరికీ చెప్పను. కానీ 2000 నాటి నిర్ణయం మీద నాకు చాలా గౌరవం. కలిపే వీలున్నవాడికి చెడ్డ ఏడాది అంటే కాస్త అదనపు పని. ఒకే తోటకి కట్టుబడ్డవాడికి ఒక్కోసారి ఏడాది మొత్తం పోతుంది.

ఇక రుచి సంగతి. ఒక్క సీసా తెరిచి "ఇందులో తోట కనిపిస్తోందా" అని అడిగితే ఎవరికీ ఏమీ కనిపించదు. రెండు సీసాలు పక్కపక్కన ఉండాలి. ఒకే తయారీదారు, ఒకే ఏడాది, రెండు వేర్వేరు తోటలు. చేసిన చెయ్యి ఒకటే కాబట్టి మిగిలే తేడా చాలావరకు నేలదీ ఎత్తుదీ వాతావరణానిదీ. నేను ఎప్పుడూ బరోసా లోయ అడుగునుంచి ఒకటి, పైన ఈడెన్ వ్యాలీ నుంచి ఒకటి తీసుకుంటాను. పైన ఎత్తు 400 మీటర్ల చుట్టుపక్కల నుంచి 500 దాకా ఉంటుంది, రాత్రిళ్ళు చల్లగా ఉంటాయి, పండు నెమ్మదిగా పండుతుంది, పులుపు కరిగిపోకుండా నిలుస్తుంది.

పోయిన చలికాలం మా అక్కా బావా విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఇలాగే రెండు గ్లాసులు పోశాను, రెండూ అడుగున రెండు వేళ్ళ మందం. ఒకదాని కింద చీటీ మీద "కింద" అని, రెండోదాని కింద "పైన" అని రాసి, కనపడకుండా పెట్టాను. బావ మొదటి గ్లాసు ఎత్తగానే గటగటా తాగబోయాడు.

"ఆగు బావా, ముందు తిప్పకుండా వాసన చూడు. తర్వాత గ్లాసు బల్ల మీదే పెట్టి గుండ్రంగా తిప్పి మళ్ళీ చూడు."

"ఏంట్రా ఈ తతంగం?"

"ఒక్క నిమిషమే బావా. తిప్పితే గాలి తగిలి వాసన లేస్తుంది."

మొదటి గ్లాసులో రంగు చిక్కగా, అంచు దాకా ఊదా రంగు. వాసనలో బాగా పండిన నేరేడు, కొంచెం చాక్లెట్. నోట్లో నిండుగా, బరువుగా, కాస్త వెచ్చగా. వగరు ఉంది గానీ మెత్తగా ఉంది. బావకి నచ్చింది. "ఇదీ స్మూత్ అంటే," అన్నాడు. రెండో గ్లాసు రంగు కొంచెం పలచన, అంచు ఎరుపు. అక్క దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే, "ఇందులో మిరియాలు వేశారేంట్రా?" అంది. అప్పుడే దంచిన మిరియం ఘాటు, దాని వెనకాల కొత్తిమీర గింజల్లాంటి ఒక పచ్చి వాసన. నోట్లో పులుపు ముందుకొచ్చింది, చిగుళ్ళు పట్టేసే వగరు. బావ మూడు సార్లు వాసన చూశాడు. మిరియం ఊసే తెలియలేదు. ఇద్దరం కలిసి ఆట పట్టిస్తున్నామనుకున్నాడు.

బావ చెప్పింది నిజమే, అక్క చెప్పిందీ నిజమే. షిరాజ్‌లో ఆ మిరియం వాసనకి కారణం రోటండోన్ అనే పదార్థం. అడిలైడ్‌లోని ఆస్ట్రేలియన్ వైన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2008లో ఈ విషయం ప్రచురించారు. మన వంటింట్లో ఉండే మిరియాల్లో ఘుమఘుమకి కారణం కూడా అదే పదార్థం, కాబట్టి అక్కకి పొరపాటు పడే అవకాశమే లేదు. లీటరు వైన్‌లో 16 నానోగ్రాములు ఉంటే చాలు, మామూలు ముక్కుకి తెలుస్తుంది. కానీ పరీక్షలో పాల్గొన్నవాళ్ళలో దాదాపు ఐదింట ఒక వంతు మందికి, దానికి వందల రెట్లు కలిపినా తెలియలేదు. వాళ్ళ ముక్కుకి ఆ వాసన అందదు, అంతే. ఇదంతా చెప్పాక బావ టెన్షన్ పోయింది. ఆ వాసన లేకుండా తనకి ఏం తెలుస్తోందో చెప్పడం మొదలుపెట్టాడు. రెండోది మింగాక కూడా చాలాసేపు నోట్లో ఉంటోందనీ, మొదటిది తొందరగా పోతోందనీ తనే కనిపెట్టాడు. చీటీలు తీసి చూస్తే రెండోది పై తోటది.

ఆ నిలిచే గుణం మీద నాకు మక్కువ. మింగిన తర్వాత రుచి ఎంతసేపు ఉందో, ఆ ఉన్నంతసేపూ మారుతోందో లేదో చూడండి. మొదట పండు, తర్వాత మిరియం, ఆఖర్న ఇనుము తగిలినట్టు ఒక ఉప్పదనం, ఇలా వరసగా వస్తుంటే ఆ సీసా మీద ఖర్చు దండగ కాదు. పండు ఒక్కటే వచ్చి టక్కున ఆగిపోతే లేబుల్ మీద ఎన్ని పేర్లున్నా అనవసరం.

రోటండోన్ మీద జరిగిన ఇంకో పరిశోధన నాకు మరీ ఇష్టం. విక్టోరియాలో గ్రాంపియన్స్ ప్రాంతం మిరియం ఘాటుకి పేరు. అక్కడ ఆరు హెక్టార్ల పైచిలుకు ఉన్న ఒక షిరాజ్ తోటలో మూలమూలల నుంచి పళ్ళు తీసి కొలిచారు. 2014లో వచ్చిన ఆ వ్యాసంలో, ఒకే తోటలో కూడా రోటండోన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అని, ఆ తేడా నేల వాలునీ మట్టినీ బట్టి ఉందని తేలింది. అంటే ఒకే తోట అన్నది కూడా ఆఖరి మెట్టు కాదు. లోపల ఇంకా మడులున్నాయి. వరసగా చాలా ఏళ్ళు ఒకే తోటని చూసుకున్నవాడికే అది తెలుస్తుంది. నేల మహిమ అంతా అమ్మకాల కోసం అల్లిన కథ అని కొట్టిపారేసేవాళ్ళకి నేను చూపించేది ఈ కొలతలే.

అమ్మకాల కథలు లేవని కాదు. సింగిల్ విన్‌యార్డ్ అన్న రెండు ముక్కలు చూసి పర్సు తీయకండి. అమెరికాలో తోట పేరు వేయాలంటే 95 శాతం పళ్ళు ఆ తోటవి కావాలి. దక్షిణాఫ్రికాలో ఆ తోట 6 హెక్టార్లు దాటకూడదు, ఒకే రకం ద్రాక్ష ఉండాలి, ముందే నమోదు చేయించాలి. ఆస్ట్రేలియాలో లేబుల్ మీద వేసే ద్రాక్ష రకానికీ ప్రాంతానికీ సంవత్సరానికీ, కనీసం 85 శాతం దానివే కావాలన్న నియమం ఉంది. దేశం మారితే ఆ మాట బరువు మారుతుంది. ఇంకో సంగతి, తోట ఒకటే అయినంత మాత్రాన మంచి తోట అని అర్థం కాదు. ఎండకి వాడిపోయే నేల మీద, కాపు విపరీతంగా తీసిన తోట కూడా ఒకే తోటే. సెల్లార్ డోర్‌లో, అంటే వైన్ చేసేవాళ్ళే రుచి చూపించి అమ్మే చోట, నేను అడిగేవి మామూలు ప్రశ్నలే: తోట ఎవరిది, తీగల వయసెంత, 2011లో ఏం చేశారు. ఆ ఏడు దక్షిణ ఆస్ట్రేలియాలో చలి, వాన, బూజు. ఆ సంవత్సరం గురించి దాచకుండా మాట్లాడేవాళ్ళని మిగతా సంవత్సరాల విషయంలో నమ్ముతాను.

సెల్లార్ డోర్ అంటే గుర్తొచ్చింది. అక్కడ ఉమ్మడానికి ఒక పాత్ర పెడతారు. మనవాళ్ళకి అది చాలా మొహమాటం. ఎదుటివాళ్ళు పోసింది ఉమ్మితే అవమానించినట్టేమో అనుకుని అన్నీ మింగేస్తారు. అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు, వైన్ చేసేవాళ్ళే రోజంతా ఉమ్ముతారు. నాలుగు రకాలు మింగాక ఐదోదానిలో తేడా ఎవరికీ తెలియదు. పైగా తిరుగు ప్రయాణంలో కారు నడపాలి, ఇక్కడ రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతానికి చేరితే లైసెన్సు మీదికి వస్తుంది.

మన ఇళ్ళల్లో షిరాజ్‌కి జరిగే పెద్ద అన్యాయం వేడి. రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న మాట పట్టుకుని, హైదరాబాద్ ఏప్రిల్‌లో 35 డిగ్రీల గదిలో ఉన్న సీసాని అలాగే పోస్తారు. ఆ మాట చలిదేశాల గదుల గురించి పుట్టింది. షిరాజ్‌కి 16 నుంచి 18 డిగ్రీలు సరిపోతుంది. అంతకంటే వేడెక్కితే ముక్కుకి ముందు ఆల్కహాలే కొడుతుంది, పండు వాసన ఉడికించిన జామ్ వాసన అయిపోతుంది, రెండు తోటల మధ్య తేడా మొత్తం చెరిగిపోతుంది. తెరిచే ముందు అరగంటో ముప్పావు గంటో ఫ్రిజ్‌లో పెట్టండి. కాస్త ఎక్కువ చల్లబడినా ఫరవాలేదు, గ్లాసులో మెల్లగా వేడెక్కుతుంటే వాసనలు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. కొత్త వైన్ అయితే గంట ముందు జగ్గులోకి ఒంపితే వగరు కొంచెం దిగుతుంది. పాత సీసా అయితే ముందురోజే నిలబెట్టండి, అడుగున మడ్డి చేరుతుంది.

తిండి విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎండుమిర్చి కారం దట్టించిన కూరతో షిరాజ్ తాగితే ఆల్కహాల్ మంట రెట్టింపు అవుతుంది, వగరు చేదెక్కుతుంది. అందువల్లే చాలామంది మనవాళ్ళు రెడ్ వైన్ తమకి పడదని తీర్మానించుకున్నారు. కారం తగ్గించి మిరియం, ధనియం, వెల్లుల్లితో చేసిన మటన్ వేపుడు పెట్టి చూడండి. కొవ్వుకి వగరు సర్దుకుంటుంది, మిరియానికి మిరియం తోడవుతుంది. గోంగూర మాంసంతో నాకు ఎప్పుడూ కుదరలేదు, ఆ పులుపు ముందు వైన్ పులుపు చప్పబడిపోతుంది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఇదంతా అందుతుందా అంటే, మునుపటికంటే నయం. 2022 డిసెంబరు 29 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ ఆస్ట్రేలియా ఒప్పందం వల్ల 15 అమెరికన్ డాలర్లు దాటిన సీసాల మీద దిగుమతి సుంకం 150 శాతం నుంచి 75కి దిగింది, పదేళ్ళలో 25 దాకా దిగాలి. రాష్ట్రాల పన్నులు ఆపైన ఉండనే ఉన్నాయి. దేశంలో కూడా చూడదగ్గవి ఉన్నాయి. నాసిక్ దగ్గర దిండోరి పేరుతోనే సులా వాళ్ళు రిజర్వ్ షిరాజ్ అమ్ముతున్నారు. హైదరాబాద్‌కి చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల దగ్గర సొంత తోట వేసి, ఆ పళ్ళతోనే క్రస్మా వైన్లు చేస్తున్నారు. అక్కడ తీగకి చలికాలపు నిద్ర లేదు. వానలు వెళ్ళాక కొమ్మలు కత్తిరించి, ఎండలు ముదరకముందే కోసేస్తారు. బరోసా షిరాజ్ రుచిని దానిలో వెతకడం తప్పు. దక్కన్ నేల మీద షిరాజ్ ఎలా ఉంటుందో అదే చూడాలి, దాన్ని పోల్చాల్సింది దాని పక్క తోటతోనే.

ఇక్కడ ఆస్ట్రేలియాలో పరిస్థితి మళ్ళీ బాగాలేదు. 2021లో ఆస్ట్రేలియా వైన్ల మీద చైనా వేసిన సుంకాలు కొన్నిటి మీద 200 శాతం దాటాయి. 2024 మార్చి ఆఖరున ఎత్తేశారు గానీ, ఈలోపు ట్యాంకుల్లో రెడ్ వైన్ పేరుకుపోయింది. రివర్‌ల్యాండ్ ప్రాంతంలో టన్ను లెక్కన షిరాజ్ అమ్ముకునే రైతులకి సాగు ఖర్చులే రావడం లేదు. తీగలు పీకే మాట మళ్ళీ వినపడుతోంది. వాళ్ళలో మన పంజాబీ రైతులూ ఉన్నారు. ఒకే తోట సీసాలతో వాళ్ళందరి కష్టం తీరుతుందని నేను అనను, అంత సరుకు ఆ దారిలో పోదు. కానీ కనీసం పాత తోటలకి ఆ దారి ఉంది, ఆ దారి తెరిచి ఉంచేది పేరు చూసి కొనేవాళ్ళే.

కాబట్టి నలుగురైదుగురు స్నేహితులు కలిసి, మనిషికి ఇంత వేసుకుని, ఒకే తయారీదారువి రెండు తోటల షిరాజ్‌లు కొనండి. ఏది ఏదో కనపడకుండా పోసుకోండి. నెమ్మదిగా, తిండితో, రెండు గంటలు కూర్చోండి. కొంచెం మిగిల్చి మూత పెట్టి, మర్నాడు సాయంత్రం మళ్ళీ చూడండి, మంచి తోటది చాలాసార్లు రెండో రోజే బాగుంటుంది. రెండు గ్లాసులూ మీకు ఒకేలా అనిపిస్తే, ఆ తయారీదారు దగ్గర తోట పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి, వాళ్ళ మామూలు సీసా చాలు. తేడా తెలిస్తే ఆ రెండిట్లో మీకు నచ్చిన తోట పేరు రాసిపెట్టుకుని, వచ్చే ఏడాది పంటది కూడా అదే తోటది కొనండి.